రెండు కొత్త టైర్లు

ఆ వానాకాలం చాలా రోజులు మా భోజనాల బల్లకి ఒక చివర మేం తినేవాళ్లం, రెండో చివర కారు ఇంజనులోకి గాలి ఎక్కించే టర్బో ఉండేది. కింద పాత దుప్పటి పరిచి, పైన ఉతికిన గుడ్డ కప్పి, దాన్ని పసిపిల్లలా పడుకోబెట్టాడు అన్నయ్య. షెడ్డులో చెమ్మ, తుప్పు పడుతుందని తన భయం. నేను గొణిగేదాన్ని. అత్త మాత్రం కంచాలు కాస్త ఇవతలికి జరిపి, "కోడలు నిద్రపోతోంది, మెల్లిగా మాట్లాడవే" అనేది.

కోడలంటే కారే. సొంత మేనకోడల్ని నేనొకదాన్ని ఎదురుగా కూర్చుని ఉండగా ఆ ముద్దూ మురిపెం అంతా ఒక పాత స్పోర్ట్స్ కారుకి దక్కేది. పెళ్లి మాటెత్తితే చాలు అన్నయ్య షెడ్డులోకి వెళ్లిపోయేవాడు. అలాంటప్పుడు షెడ్డులో ఉన్నదే కోడలని అత్త తేల్చేసింది.

అత్త మా నాన్నకి అక్క. అమ్మా నాన్నా పోయాక మమ్మల్ని పెంచింది ఆవిడే. ఇంట్లో మిషను పెట్టుకుని ఆసుపత్రులకి, స్కూళ్లకి కర్టెన్లు కుట్టేది. నేను పళ్ల సెట్లు తయారుచేసే ల్యాబ్‌లో పనిచేస్తాను. ఊళ్లో చాలామంది పెద్దవాళ్లు నవ్వితే కనిపించేది నా పనితనమే. అన్నయ్య బస్సు డిపోలో మెకానిక్. వానలు తగ్గగానే డిపో మూసేస్తారని నోటీసు పెట్టారు. ఈ వయసులో కొత్తగా ఎవరు పనిలో పెట్టుకుంటారన్నది మా ముగ్గురి మనసులోనూ ఉన్న ప్రశ్న. అడిగినవాళ్లు మాత్రం లేరు.

కారు సంగతి చెప్పాలి. మామూలు కారులో ఇంజను రెండు చక్రాలనే తిప్పుతుంది, మిగతా రెండూ వెంట దొర్లుతాయి. దీంట్లో నాలుగింటినీ తిప్పుతుంది. తడి రోడ్డయినా, మట్టి రోడ్డయినా పట్టు వదలదు. తుక్కు సామాన్ల యార్డులో సీట్లలో గడ్డి మొలిచి ఉన్నప్పుడు దాన్ని తెచ్చాడు అన్నయ్య. ఏళ్ల తరబడి విప్పాడు, కడిగాడు, బిగించాడు. ఆ ఏడు ఇంజను లేచింది. అక్కడితో ఆగలేదు. పెద్ద బ్రేకులు వేశాడు, గట్టి స్ప్రింగులు వేశాడు, ఒక లారీ నుంచి గాలిని చల్లబరిచే రేడియేటర్ పీకి దీని మూతి ముందు కూర్చోబెట్టాడు. ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచడం తనకి చేతకాదు.

డిపో మూతపడుతోందని తెలిసిన రోజుల్లోనే టోపీ మా ఇంటికొచ్చాడు. ఎప్పుడూ టోపీ పెట్టుకుంటాడు కాబట్టి అందరికీ ఆయన టోపీయే. పోటీ కార్ల గ్యారేజీ నడుపుతాడు. ఎవరో చెబితే చూడ్డానికొచ్చాడు. కారు చుట్టూ తిరిగాడు, కింద పడుకుని టార్చి వేసి చూశాడు, వెల్డింగు చేసినచోట్ల వేలితో రాసి చూశాడు. లేచి ప్యాంటు దులుపుకుని అన్నాడు:

"వానలు తగ్గుముఖం పట్టాక కొండ రోడ్డు మీద పోటీ ఉంది. పట్టుకురా. నువ్వు గెలవక్కర్లేదు. పైదాకా శుభ్రంగా ఎక్కించు, చాలు. నా గ్యారేజీలో నీకు చోటుంటుంది."

"ఎక్కకపోతే?" అన్నాను నేను. నా నోరు ఊరుకోదు.

"మెకానిక్ ఎలాంటివాడో బండే చెప్తుందమ్మా" అన్నాడు.

ఆయన వెళ్లాక అన్నయ్య చాలాసేపు స్పానర్లు సర్దుతూ కూర్చున్నాడు. సర్దినవే మళ్లీ సర్దుతున్నాడు. తను సంతోషంగా ఉన్నాడని నాకు అప్పుడు తెలిసింది.

ఇక మా ఇంట్లో వేరే మాట లేదు. ల్యాబ్ నుంచి రాగానే నేను డ్రైవరు సీట్లో కూర్చునేదాన్ని, బ్రేకు పైపుల్లో గాలి తీయడానికి. రేకుల కప్పు మీద వాన, కారు కింద నుంచి అన్నయ్య గొంతు.

"తొక్కు."

తొక్కేదాన్ని.

"పట్టు... పట్టుకో... వదులు."

"ఇంకెన్నిసార్లు? నా కాలు నాది కాకుండా పోతోంది."

"నీ నోటికి తగిలిస్తే ఒక్క దెబ్బతో గాలంతా పోయేది. తొక్కు."

నలుగురిలో అన్నయ్య నోరు విప్పడు. డిపోలో తనని మౌనముని అనేవాళ్లట. కారు కింద పడుకుంటే మాత్రం మాటలే మాటలు. ఒకరోజు నన్ను కూడా కిందికి రమ్మని, మధ్యలో వేలాడుతున్న ఒక ఇనప పెట్టెని చూపించాడు.

"ఇదే దీని ప్రాణం. ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్యవర్తి. రెండు జతలూ ఒక్కలా తిరిగినంతసేపు దీనికి పనుండదు. ఒక జత ఎక్కువ, ఒక జత తక్కువ తిరిగాయనుకో, ఆ తేడా ఇది మింగాలి. మలుపులో కాసేపంటే మింగుతుంది. అస్తమానం మింగమంటే లోపలి నూనె కాగిపోయి బిగుసుకుపోతుంది. ఒకసారి బిగుసుకుంటే ఇక అంతే, బాగుచేసేది కాదు, దొరికేదీ కాదు."

"పాపం, మనింట్లో నాలాగ."

"నువ్వు మింగుతావా? ఎదుటివాళ్ల చెవులు చిల్లులు పడతాయి."

నిజానికి మా ఇంట్లో మింగడం అందరికీ అలవాటే. నా గొణుగుడంతా పైపైన. అసలు మాట దగ్గరికొచ్చేసరికి నేనూ వాళ్లలాగే తయారవుతాను. దానికి మూలం ఒక స్వెట్టరు. అన్నయ్య చిన్నప్పుడు అత్త తనకి స్వెట్టరు అల్లింది. తొడుక్కుని, "అత్తా, ఒక చెయ్యి పొడుగైంది" అన్నాడు. పిల్లాడు, ఉన్నమాట అన్నాడు. అత్త నవ్వింది. "అవున్రా, కళ్లు పోతున్నాయి నాకు" అంది. ఆ సాయంత్రం కిటికీ దగ్గర కూర్చుని మొత్తం స్వెట్టరు విప్పి ఉండ చుట్టేసింది. మళ్లీ అల్లిక సూదులు పట్టలేదు. అలగలేదు, ఏడవలేదు, ఒక్కమాట అనలేదు. మానేసిందంతే. బతిమాలినా, "ఎందుకురా, బజార్లో మంచివి దొరుకుతుంటే" అనేది. అప్పటినుంచి అత్త ఏమిచ్చినా అన్నయ్య నోట వచ్చేది ఒకటే మాట, చాలా బాగుంది అని.

వానలు వెనకపట్టే రోజుల్లో ఒక సాయంత్రం ల్యాబ్ నుంచి వచ్చేసరికి షెడ్డు తలుపులు బార్లా తీసి ఉన్నాయి. అత్త ముక్కాలిపీట మీద కూర్చుని ఉంది, కొత్త చీర కట్టుకుని. నన్ను చూసి నోటి మీద వేలుపెట్టి కారు వైపు చూపించింది. ముందు చక్రాలకి రెండు కొత్త టైర్లు. నల్లగా నిగనిగలాడుతున్నాయి. రబ్బరు నూగు కూడా ఇంకా పోలేదు.

"ఎలా ఉన్నాయే? దుకాణం అబ్బాయే వచ్చి బిగించి వెళ్లాడు. పాతవి పట్టుకుపోయాడు. మీ అన్నయ్య వచ్చేలోపల అయిపోవాలని తొందరపెట్టాను."

ఆ కాలమంతా మిషను చప్పుడు ఎందుకు ఆగలేదో అప్పుడు అర్థమైంది. ఆసుపత్రి కర్టెన్లు ఎక్కువగా ఒప్పుకుందనుకున్నాను గానీ ఎందుకని అడగలేదు. నాకు కారు గురించి తెలిసింది తక్కువే. అయినా వంగి వెనక చక్రాలు కూడా చూశాను. అవి పాతవే.

"రెండే తెచ్చావేం అత్తా?"

"ఆ సైజువి రెండే మిగిలాయిట. ముందువి మారిస్తే చాలన్నాడు, అందరూ అలాగే మారుస్తారట. పట్టు బాగుంటుందిట. కొండెక్కాలి కదా వాడు."

అన్నయ్య వచ్చాడు. గొడుగు ముడుస్తూ గుమ్మంలోనే ఆగిపోయాడు. ముందు చక్రాలు చూశాడు, వెనక చక్రాలు చూశాడు, అత్త మొహం చూశాడు. గొడుగు నుంచి నీళ్లు తన బూటు మీద పడుతున్నాయి.

"చాలా బాగున్నాయి అత్తా" అన్నాడు.

వచ్చి ముందు చక్రం దగ్గర కూర్చుని టైరు నిమిరాడు. అత్త కూడా పక్కన కూర్చుని, గీతల్లో వేలు దూర్చి, "చూడరా ఎంత లోతుందో, నా గోరు మునిగిపోతోంది" అంది. ఆవిడ మొహం అంతలా వెలగడం నేను చూసి ఎన్నేళ్లయిందో. ఆ మొహం చూస్తూ ఎవరం మాత్రం ఏమనగలం?

మర్నాడు నేను ల్యాబ్ నుంచి కొలత పరికరం తెచ్చాను, పళ్ల మందం కొలిచేది. కొత్త టైరు గీత లోతు, వెనకున్న పాత టైరు గీత లోతు కొలిచాం. తేడా బియ్యపు గింజ పొడుగంత కూడా లేదు.

"ఇంతేగా!" అన్నాను.

"ఇంతే" అన్నాడు అన్నయ్య. "కానీ చక్రం తిరిగిన ప్రతిసారీ ఇంత. పెద్ద చక్రం తక్కువ తిరుగుతుంది, చిన్నది ఎక్కువ తిరుగుతుంది. ఆ తేడా అంతా మధ్యలో పెట్టె మీదే పడుతుంది. మామూలు కారుకైతే అత్త చేసింది సరైన పనే."

నేను దుకాణానికి పరిగెత్తాను. పాత టైర్లు తుక్కు లారీలో వెళ్లిపోయాయన్నాడు. ఇంకో రెండు కొత్తవి తెప్పించమంటే, ఆ సైజు చేయడమే మానేశారన్నాడు. "ఆ పెద్దావిడ వానలో ఎన్నిసార్లు తిరిగిందోనమ్మా. గోడౌన్ మొత్తం వెతికించింది." నాలుగు చక్రాలనీ ఇంజనే తిప్పే బండని తెలియదా నీకు అని అరిచాను. ఆవిడ స్పోర్ట్స్ కారని మాత్రమే చెప్పిందన్నాడు. అతను మంచివాడే. తల గోక్కుని, "కొత్తవాటి పై రబ్బరు మిషను మీద గీయించి పాతవాటితో సమానం చేయొచ్చు. ఎంతసేపూ పట్టదు. తీసుకురండి" అన్నాడు.

గాలిలో తేలుతూ ఇంటికొచ్చాను. అన్నయ్యకి చెబితే తల ఊపాడు. తనకి ముందే తెలుసు.

"మరి పద, తీసుకెళ్దాం."

"అత్త రోజూ తుడుస్తోంది వాటిని" అన్నాడు.

"అయితే?"

"గీతల్లో వేలు పెట్టి చూసుకుంటోంది. గీయించి తెస్తే తెలియదా? కొత్త టైర్లు నేనెందుకు అరగదీశానని చెప్పను?"

"ఉన్నదున్నట్టు చెప్పు. లేకపోతే నేను చెప్తాను."

"చెప్పి?" నా వైపు తిరిగాడు. తను నాతో అంత గట్టిగా మాట్లాడ్డం అరుదు. "అల్లిక మానేసింది. ఈసారి మిషను మానేస్తుంది. నవ్వుతూనే మానేస్తుంది. తరవాత ఏం చేస్తుంది, రోజంతా గోడ చూస్తుందా? నువ్వు మాట్లాడకు."

నాకు ఒళ్లు మండిపోయింది. ఇదేం ప్రేమ అనిపించింది. ఒకళ్లనొకళ్లు నొప్పించకుండా చంపుకునేలా ఉన్నాం అనుకున్నాను. అయినా ఆ సాయంత్రం అత్త, "టైర్లు వేశాక కోడలు ఎలా నడుస్తోందట?" అని నన్నే సూటిగా అడిగితే, "బ్రహ్మాండంగా నడుస్తోందట" అన్నాను. నోరు దానంతటదే అనేసింది.

అన్నయ్య తను చేయగలిగినవన్నీ చేశాడు. ముందు టైర్లలో గాలి తగ్గించాడు, వెనకవాటిలో పెంచాడు, ఎత్తులో తేడా కొంతైనా తగ్గుతుందని. మధ్య పెట్టెకి గాలి తగిలేలా రేకు వంచి అమర్చాడు. "కొండదాకా మెల్లగా పోదాం. పైకెక్కేది కాసేపే. తట్టుకుంటుంది" అన్నాడు. నాకు ధైర్యం చెప్పడానికి అన్నాడా, తనకి చెప్పుకున్నాడా, తెలియదు. నమ్మడం తప్ప చేసేదేం లేక నమ్మాను.

పోటీకి అత్త కూడా బయల్దేరింది. రావద్దనే దమ్ము మాలో ఎవరికుంది? వెనక సీట్లో సంచులన్నీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఊరు దాటి పెద్ద రోడ్డెక్కాక కాసేపటికి ఏదో కాలిన వాసన మొదలైంది. అన్నయ్య నన్ను చూశాడు, నేను కిటికీలోంచి చూశాను.

"కొత్త టైర్ల వాసన కదూ?" అంది అత్త.

"అవునత్తా" అన్నాడు అన్నయ్య.

టీ తాగుదామనే వంకతో రెండుమూడు చోట్ల ఆపాడు. అత్త టీ కొట్లో కూర్చుంటే తను కారు కింద చెయ్యి పెట్టి చూసి, చటుక్కున వెనక్కి తీసుకునేవాడు. మూడో చోట నేను దగ్గరికెళ్లి, "వెనక్కి పోదాం అన్నయ్యా" అన్నాను. తల అడ్డంగా ఊపాడు. వెనక్కి పోతే మూతపడబోయే డిపో ఉంది. ముందుకెళ్తే కొండైనా ఉంది.

కొండ కింద బురదలో కార్లు వరసగా నిలబడి ఉన్నాయి. ఒక్కొక్కటే పైకి వెళ్లాలి. టోపీ వచ్చి అన్నయ్య భుజం తట్టాడు. అత్తని టీ కొట్టు రేకుల కింద కూర్చోబెట్టి నేను తాడు కట్టినచోట నిలబడ్డాను. అన్నయ్య వంతు వచ్చింది.

అది కదిలిన తీరు ఈ జన్మకి మరిచిపోను. అందరి కార్లూ ఆ బురదలో ముందు ఒక క్షణం గింజుకున్నాయి. మాది గింజుకోలేదు. నాలుగు చక్రాలూ ఒకేసారి నేలని పట్టుకుని లాగాయి. మొదటి మలుపు, రెండో మలుపు. మనుషులు "ఎవరిదా కారు?" అని అడుగుతున్నారు. "మాదే" అని అరిచాను. చెట్ల మధ్యలోంచి ఆ ఇంజను శబ్దం ఇంకా ఇంకా పైకి వెళ్తుంటే, ఎక్కేస్తాడు, అన్నీ సర్దుకుంటాయి అనుకున్నాను.

మూడో మలుపు దగ్గర పళ్లు పటపట కొరికినట్టు చప్పుడొచ్చింది. తరవాత ఇనుము విరిగిన శబ్దం. ఆ పైన ఏమీ వినబడలేదు. తరవాతి కారుని ఆపేశారు.

లారీ మీద ఎక్కించి కిందికి తెచ్చారు. నాలుగు చక్రాలూ బిగుసుకుపోయి ఉన్నాయి, దొర్లించడానికి కూడా లేదు. అన్నయ్యకి ఎక్కడా గీత పడలేదు. టోపీ లారీ ఎక్కి కింద వంగి చూశాడు. ముందు టైరు తడిమాడు. వెనక టైరు తడిమాడు. మళ్లీ ముందు టైరు దగ్గరికొచ్చాడు. దిగి అన్నయ్య ఎదురుగా నిలబడ్డాడు.

"ఎవరు వేశారు ఈ రెండూ?"

అక్కడికి టీ కొట్టు కనిపిస్తోంది. అత్త ఒక చేత్తో సంచులు పట్టుకుని, రెండో చెయ్యి నొసటికి ఆనించి మా వైపే చూస్తోంది. మాటలు వినబడనంత దూరం.

"నేనేనండీ" అన్నాడు అన్నయ్య.

"నువ్వా?"

"నేనే. చూసుకోలేదు."

నేను నోరు తెరిచాను. అన్నయ్య నా చెయ్యి పట్టుకుని నొక్కాడు, ఎముక నొప్పెట్టేంత.

"బండి విరగడం నాకు లెక్క కాదు, రోజూ విరుగుతాయి" అన్నాడు టోపీ. ఆయన గొంతులో కోపం లేదు, అదే నాకు ఎక్కువ బాధ. "అన్నీ ఇంత బాగా చేసినవాడివి, ఈ బండికి రెండు టైర్లే మారుస్తావా? నేర్చుకునేవాడు కూడా చేయడు కదయ్యా ఈ పని. నీ చేతికి నా బండ్లెలా ఇవ్వను చెప్పు?"

"నిజమేనండీ" అన్నాడు అన్నయ్య.

ఆయన టోపీ సర్దుకుని వెళ్లిపోయాడు. నా చెయ్యి అప్పుడు వదిలాడు అన్నయ్య. నాకు ఏడుపొచ్చింది. అరవాలనిపించింది, ఆయన వెనక పరిగెత్తాలనిపించింది. ఏదీ చేయలేదు. అత్త సంచులు మోసుకుంటూ బురదలో జాగ్రత్తగా అడుగులేసుకుంటూ మా దగ్గరికొస్తోంది.

"ఏమైందిరా నాన్నా? దెబ్బ తగిలిందా?"

"లేదత్తా. మలుపు సరిగ్గా తీసుకోలేకపోయాను."

"పోన్లే. మనిషికేం కాలేదు, అంతే చాలు" అంది అత్త, కొంగుతో అన్నయ్య మొహం మీది బురద తుడుస్తూ.

వానలు పూర్తిగా ఆగాయి. డిపో మూసేశారు. అన్నయ్య ఒక గోడౌన్‌లో పెట్టెలు ఎత్తే పనికి కుదిరాడు. ఎన్నో ఏళ్లు ఇంజన్లు విప్పిన చేతులు అట్టపెట్టెలకి టేపు అంటించసాగాయి. టోపీ చెప్పాడో, మరెవరు చెప్పారో, రెండు టైర్ల సంగతి ఊళ్లో మెకానిక్కులందరికీ పాకింది. ఒకటి రెండు షెడ్లకి వెళ్లి అడిగితే నవ్వారట. ఆ సంగతి కూడా తను చెప్పలేదు. మా ల్యాబ్‌కి పళ్లు కట్టించుకోవడానికొచ్చిన ముసలి మెకానిక్ ఒకాయన చెప్పాడు, నేనెవరో తెలియక. వింటూ ఆయన పళ్లకి మెరుగు పెట్టాను.

భోజనాల బల్ల మీదికి మళ్లీ ఏ కారు సామానూ రాలేదు. అన్నయ్య తినేసి గిన్నెలు కడిగి పడుకునేవాడు. షెడ్డు వైపు వెళ్లేవాడు కాదు. కారు కింద పడుకుంటే తప్ప మాటలు రాని మనిషి, ఇక మాట్లాడ్డానికి తనకి చోటే లేకుండా పోయింది.

అత్త మాత్రం ఇదివరకటిలాగే మిషను తొక్కుతోంది. కర్టెన్లు కుడుతోంది, కూనిరాగం తీస్తోంది. అన్నయ్య కోరుకున్నది అదొక్కటే, అది దక్కింది. నాకు మాత్రం ఆ మిషను చప్పుడు వింటుంటే తల బద్దలైపోయేది.

ఒక సెలవురోజు పొద్దున్నే అత్త మా ఇద్దర్నీ షెడ్డులోకి పిలిచింది. గుడ్డతో ముందు చక్రాలు తుడుస్తూ ఉంది.

"ఒరేయ్ నాన్నా, టైర్లకేం కాలేదు కదా?"

"ఏం కాలేదత్తా. చాలా బాగున్నాయి."

"నేనొకటి అంటాను, ఏమనుకోకు. అందరికీ అన్నీ రావు. నీకు బాగుచేయడం వచ్చు, నడపడం రాలేదు. అందులో సిగ్గుపడాల్సిందేం లేదు. ఊరికే ఉంచితే రబ్బరు పాడైపోతుంది. ఇంత మంచి టైర్లు, ఎవరైనా బాగా నడిపేవాడికి ఇచ్చేద్దాం రా."

అత్త అన్నయ్య మొహంలోకి చూస్తూ నిలబడింది, నొచ్చుకున్నాడేమోనని.

"సరే అత్తా" అన్నాడు అన్నయ్య.

గోడకి తగిలించిన స్పానరు తీసి, ముందు చక్రం దగ్గర మోకాళ్ల మీద కూర్చుని నట్లు వదులు చేయడం మొదలుపెట్టాడు. నేను వెళ్లి జాకీ తెచ్చాను.